ఇద్దరు ఉరుకుందులు, ఒక్క పిలుపు

కోసిగి సంతలో నిలబడి "ఉరుకుందూ" అని ఒక్క కేక వేస్తే బేరమాడేవాళ్లు, బీడీ ముట్టించేవాళ్లు, ఎద్దును తోలుకొచ్చేవాళ్లు, అందరూ తిరిగి చూస్తారు. ఆ పక్క ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుని కన్న పిల్లలకు స్వామి ఊరి పేరే పేరు. ఆడపిల్ల అయితే ఉరుకుందమ్మ. ఇంటి పేర్లు రేషను కార్డులో ఉంటాయి గానీ వీధిలో పనికొచ్చేది పేరుకు ముందు తగిలించే మాటే. పొట్టి, పొడుగు, నల్ల, బుడ్డ. ఆ ముందు మాట తీసేస్తే మనిషి ఎవరో తెలియదు. ఆ మాట ఒక్కసారి నోట పలకనందుకు కమలాపురం శామ్ అనుభవించినదే ఈ కథ.

శామ్ తండ్రి ఏసేపు కూలి పని చేస్తూ, ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. తల్లి వరమ్మ కూడా పొలం పనులకు పోయేది. చర్చి మైకు సెట్టు మూగబోయినప్పుడల్లా దాని వెనక దూరి తీగలు కెలకడం శామ్‌కు చిన్నప్పటి నుంచీ ఇష్టం. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టేలోపు మైకు పలికితే వాడికి పండగే. అట్లా కెలికి కెలికి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాడు. కడపలో ఫ్యాక్టరీలకు పరికరాలు బిగించే ఒక చిన్న కంపెనీలో చేరాడు.

రెండువేల ఏడులో ఆ కంపెనీకి ఒక సిమెంటు ఫ్యాక్టరీ పని దొరికింది. ఆ ప్రాంతమంతా రాయే. గండికోట దగ్గర పెన్న కోసుకుంటూ పోయిన బండలూ, దేశమంతా వంటిళ్లలో గట్లు కట్టుకునే నల్ల నాపరాళ్లూ, సిమెంటులో కలిసే సున్నపురాయీ ఒకప్పటి సముద్రపు అడుగే అంటారు చదువుకున్నవాళ్లు. ఇప్పుడు తాగడానికి నీళ్లు లేని చోట ఒకప్పుడు సముద్రం ఉండేదంటే ఎవరికి నమ్మబుద్ధి అవుతుంది? ఆ రాయిని పగలగొట్టి నాలుగు పెద్ద కాంక్రీటు గాదెల్లో పోస్తారు. ఏ గాదెలో రాయి ఎంత ఎత్తుకు వచ్చిందో చూడటానికి పైన నాలుగు లేజరు డబ్బాలు బిగించడం శామ్ పని.

బావి ఎంత లోతుందో తెలుసుకోవాలంటే మనవాళ్లు రాయి వేసి చప్పుడు కోసం చెవి పెట్టేవాళ్లు. ఈ డబ్బా రాయికి బదులు ఎర్రటి వెలుగు చుక్కను వేస్తుంది. అది కింద రాయికి తగిలి వెనక్కి వచ్చే కాలాన్ని బట్టి దూరం చెబుతుంది. కష్టమంతా ఆ చెప్పించడంలో ఉంది. నాలుగు డబ్బాలనూ ఒకే జత తీగ మీద వేలాడదీసి, ఆ తీగను కంట్రోల్ రూములోని కంప్యూటరు దాకా లాగాలి. కంప్యూటరు "ఒకటీ, ఎంత?" అని అడుగుతుంది. ఒకటో నంబరు డబ్బా మాత్రమే పలకాలి, మిగిలినవి నోరు మూసుకోవాలి. అందరూ ఒకే వేగంతో మాట్లాడాలి. తీగ చివర చిన్న రెసిస్టరు వేయకపోతే మాట అక్కడ తగిలి, బావిలో కేకలాగా వెనక్కి తిరిగొస్తుంది.

చిక్కేమిటంటే, ఆ డబ్బాలు పెట్టెలోంచి తీసినప్పుడు అన్నీ ఒకటో నంబరువే. అట్లాగే నాలుగూ తగిలిస్తే, "ఒకటీ" అనగానే నాలుగూ ఒక్కసారి నోరు తెరుస్తాయి. మాటలు గుద్దుకుని తెర మీద చెత్త పడుతుంది. అందుకని శామ్ ఒక్కో డబ్బాను విడిగా ల్యాప్‌టాప్‌కు కలిపి, నంబరు మార్చి, వేగం సరిచేసి, మూత మీద రంగుతో ఆ నంబరు రాసి, ఆ తర్వాతే పైకి పంపేవాడు. ఆ పనిలో వాడికి చాదస్తం ఎక్కువ. రెండో నంబరు డబ్బాను ముమ్మారు అడిగి, ముమ్మారూ అదే పలికితే గాని వదిలేవాడు కాదు.

పైకెక్కి బిగించడానికి కోసిగి నుంచి కూలీలను తెచ్చిన మేస్త్రీ గిడ్డయ్య. మొదటి రోజు టీ దగ్గర మనుషులను చూపించాడు.

"వీడు ఉరుకుందు సార్."

"ఆ పక్కనాయప్ప?"

"వాడూ ఉరుకుందే."

శామ్ నవ్వాడు. "ఇంగ ఎంతమంది ఉండారప్పా?"

"ఈడికి ఇద్దర్నే తెచ్చినా సార్. కావాలంటే ఊర్లో లారీకి సరిపోయేంత మంది ఉండారు."

పొట్టి ఉరుకుందు గ్లాసు కింద పెట్టాడు. "గుర్తు పట్టేది కష్టం కాదు సార్. పనికి పిలిస్తే పలికేది నేను. తిండికి పిలిస్తే పలికేది వాడు."

"హాజరుకు పిలిస్తే మాత్రం ఇద్దరికీ వీడే పలుకుతాడు సార్, నేను ఇంగా పండుకోనుంటే," అన్నాడు పొడుగు ఉరుకుందు. గిడ్డయ్య చెవిటివాడిలా ఆకాశంలోకి చూశాడు.

"మీకు గూడా నా డబ్బాల మాదిరి నంబర్లు వేయాల."

"వేయి సార్. ఒకటి నాది," అన్నాడు పొట్టోడు. "వాడు ఎంత పొడుగున్నా రెండోవాడే."

ఇద్దరిదీ ఒకే వీధి. ఒకే కంచంలో తింటారు, ఒకే దుప్పటి మీద పడుకుంటారు, రోజంతా తిట్టుకుంటారు. శామ్ వాళ్లను ఆ రోజు నుంచీ పొట్టీ, పొడుగూ అనే పిలిచాడు.

పని ముగియవచ్చింది. మూడో గాదె ఒక్కటే మొరాయించింది. లోపల గోడకు రాతి పొడి గట్టిగా అట్టకట్టి వెలుగు దారిలోకి పొడుచుకొచ్చింది. డబ్బా ఆ అట్టనే చూసి గాదె నిండిందని చెప్తోంది. గాదె ఖాళీ చేయించి, పొడుగోణ్ని నిచ్చెన మీద లోపలికి దింపారు. పొట్టోడు నాలుగో గాదె పైన మూతలోకి దూరి డబ్బా అద్దం తుడుస్తున్నాడు. ఇద్దరి దగ్గరా వాకీటాకీలు ఉన్నాయి. శామ్ కంట్రోల్ రూములో కూర్చున్నాడు.

కాసేపటికి తెర మీద మూడో నంబరు సరిగ్గా పలికింది. గాదె అడుగు దాకా కనబడుతోంది. అట్ట రాలిందన్నమాట. ఇంక రాయి పోసి, దూరం అంకె ఎట్లా తగ్గుతుందో చూడాలి. పక్కన కూర్చున్న ఆపరేటరు తేజేశ్వర్ రాయిని గాదెల్లోకి మోసే బెల్టు మీట దగ్గర చెయ్యి పెట్టుకుని, "లోపల మనిషి వచ్చేసినాడా? కనుక్కో," అన్నాడు.

శామ్ కళ్లు తెర మీదే ఉన్నాయి. వాకీటాకీ నొక్కాడు. "ఉరుకుందూ, బయటికొచ్చినావా?"

"వచ్చినా సార్."

"పొయ్యన్నా," అన్నాడు శామ్ తేజేశ్వర్‌తో.

బెల్టు కదిలింది. రాయి పడటం మొదలైంది. తెర మీద అంకె తగ్గుతూ వచ్చింది, ఎక్కడా ఎగరకుండా, తడబడకుండా. అంత శుభ్రంగా పలికిన డబ్బాను శామ్ అంతవరకూ చూడలేదు. సంతోషంతో బల్ల మీద చరిచాడు. "చూడన్నా, ఎంత బాగా పలుకుతాందో!" ఆ మాట నోట్లో ఉండగానే వాకీటాకీలో పొట్టోడి అరుపు వినబడింది. "ఆపండి! ఆపండి సార్! వాడు ఇంగా లోపలే ఉండాడు!"

కాంక్రీటు గోడల నడుమ పొడుగోడి వాకీటాకీకి పిలుపు అందనే లేదు. అందిన ఉరుకుందు పలికాడు. అప్పుడే అద్దం తుడిచి, నాలుగో గాదె మూత దాటి బయటికొచ్చి నిలబడ్డాడు మరి.

పొడుగోడు నిచ్చెన సగం ఎక్కి ఉన్నందుకు ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. కర్నూలు పెద్దాసుపత్రిలో కాలు తీసేయకుండా నిలబెట్టారు గాని అది ఇంక వంగదు.

ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు అందర్నీ వరసగా పిలిచి అడిగాడు. శామ్ వంతు వచ్చింది.

"బెల్టు వేసే ముందు అడిగినావా?"

"అడిగినాను సార్."

"పేరు పెట్టి అడిగినావా?"

"పేరు పెట్టే అడిగినాను సార్."

"వచ్చినానని జవాబు వచ్చిందా?"

"వచ్చింది సార్."

"సరే, పో."

అన్నీ నిజాలే. ఏ ఉరుకుందు అని ఆయన అడగలేదు, శామ్ చెప్పలేదు. గది బయటికొచ్చాక వెనక్కి తిరిగి తలుపు దాకా పోయాడు. లోపలికి అప్పటికే ఇంకొకరు వెళ్లారు. రేపు చెప్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు. వినకుండా అబద్ధపు జవాబు చెప్పాడని పొట్టి ఉరుకుందును గేటు బయటికి పంపేశారు. నాలుగు గాదెలూ చక్కగా పలుకుతున్నాయని ఫ్యాక్టరీవాళ్లు శామ్ కంపెనీని మెచ్చుకున్నారు. కంపెనీ శామ్‌ను మెచ్చుకుంది.

తర్వాత వాడు ఇంకో రెండు చోట్ల డబ్బాలు బిగించాడు. నంబరు వేసేటప్పుడు చెయ్యి ఆగేది. ఉలుకూ పలుకూ లేని ఇనప డబ్బాను ముమ్మారు అడిగినవాడు, మనిషిని ఒక్కసారైనా సరిగ్గా అడగలేదే అన్న ఆలోచన ముల్లులా దిగి కూర్చుంది. ఎవరు ఎవరిని పిలిచినా ఉలిక్కిపడేవాడు.

వేసవి మొదట్లో ఎర్రగుంట్ల స్టేషన్లో గిడ్డయ్య కనబడ్డాడు. శామ్ అడగకముందే చెప్పుకొచ్చాడు.

"ఇద్దరూ మొఖాలు చూసుకోరు సార్. హాజరుకు పలికినట్లే నా బదులు పలికినాడు, ఎగతాళికి నన్ను సంపబోయినాడు అంటాడు పొడుగోడు. పొట్టోడు కాదనడు, అవుననడు. వానికి పిచ్చి పట్టినట్లుండాది. పేరు పెట్టి పిలిస్తే పలకడు."

"పలకడా?"

"పలకడు సార్. పెండ్లాం పిలిచినా సరే. భుజం తట్టాల్సిందే."

ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని శామ్ ఎటో చూస్తున్నాడు.

"ఏం నాయనా, యాడికి పోతాండావు?" అన్నాడు ఏసేపు.

శామ్ మొత్తం చెప్పాడు. ఏసేపు "వాళ్లు అడిగినదాంట్లో నువ్వు అబద్ధమేం చెప్పలేదు కదప్పా," అన్నాడు.

"చెప్పలే నాయనా. అదే నన్ను తింటాంది."

వరమ్మ మజ్జిగ పోస్తూ ఆగింది. "మాకు చెప్తే ఏం వస్తాదిరా? మేము ఉరుకుందులమా?"

పొద్దున్నే శామ్ రైలెక్కాడు. గుంతకల్లు దాటాక కిటికీలోంచి వేడి గాలి కొట్టింది. కోసిగిలో దిగి వీధి పట్టుకుని పోతే సగం ఇళ్లకు తాళాలే. ఆ నెలల్లో అక్కడివాళ్లు గుంటూరు మిరప చేలల్లోనో బెంగళూరు కట్టడాల్లోనో ఉంటారు. పొట్టోడి ఇల్లు చూపించారు. వాకిట్లో నిలబడి ఉరుకుందూ అని పిలవబోయి ఆగాడు.

"ఎవరండీ లోపల?" అన్నాడు చివరికి.

పొట్టోడి భార్య సోమక్క వచ్చింది. వచ్చినవాడెవరో తెలిశాక ఆమె మొహం మారింది. "ఓహో, వాకీటాకీ సారా. ఇంగ ఎవర్ని పిలవను వచ్చినావు?"

"ఆయన్ను ఒకసారి పొడుగాయప్ప ఇంటికి తీసుకురామ్మా. ఇద్దరి ముందరా చెప్పాల."

"వాని గడప తొక్కడు. తొక్కుతానన్నా నేను తొక్కనియ్యను. ఆ నోరు ఆడినన్ని మాటలు చాలు."

అంతలో పొట్టోడే తలుపు చాటు నుంచి బయటికొచ్చాడు. చిక్కిపోయాడు. చెప్పులు వేసుకుని ముందు నడిచాడు. సోమక్క తిట్టుకుంటూ వెనకే వచ్చింది.

నాలుగిళ్ల అవతల పొడుగోడు అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. పొట్టోణ్ని చూడగానే మొహం గోడకు తిప్పుకున్నాడు.

శామ్ కూర్చోలేదు. "ఆ పొద్దు నేను పొడుగు ఉరుకుందూ అనాల్సింది. అనలేదు. ఉత్త ఉరుకుందూ అన్నా. తెర మీద అంకెలు చూసుకుంటా అన్నా. ఈయప్ప నీ బదులు పలకలేదు, తన పేరుకే పలికినాడు. ఆఫీసరు అడిగినప్పుడు అది చెప్పకుండా వచ్చేసినా. తప్పు నాది."

సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొట్టోడు నేల చూస్తూ అన్నాడు: "అంతా నీదే కాదు సార్. పలికినాంక నాకు డౌటు వచ్చింది. నన్నెందుకు అడుగుతాడు, నేను పైనే కదా ఉండేది అని. మల్ల అడగాలనుకుంటి. అంతలోకే రాయి చప్పుడు ఇనబడె."

పొడుగోడు మొహం ఇటు తిప్పాడు. పొట్టోణ్ని పైకీ కిందకీ చూశాడు. "ఈ మాట నాకు చెప్పేకి నోరు పడిపోయినాదిరా? ఇన్ని నెల్లు?"

"నువ్వు ఇంటేనా? కట్టె ఇసిరినావు కదా నా మీదికి."

"కట్టె కాదు, చెంబు."

"ఏదయితేనేం, తగిలింది."

పొడుగోడు శామ్ వైపు తిరిగాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేదనిపించింది శామ్‌కు. "మాకు చెప్పినావు, సరే సార్. ఆ ఆఫీసరుకు చెప్పు పో. వీడు దొంగజవాబు చెప్పినాడని ఊరంతా అంటాండారు. నేనూ అంటి."

శామ్ మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్లి చెప్పాడు. ఆఫీసరు విసుక్కున్నాడు, ముగిసిపోయినదాన్ని మళ్లీ ఎందుకు తవ్వుతావన్నాడు. చివరికి గిడ్డయ్యను పిలిపించి, పొట్టి ఉరుకుందుది తప్పు కాదని ఆ మేస్త్రీ ముందే ఒప్పుకున్నాడు. శామ్‌ను ఇంక ఆ గేటు లోపలికి పంపవద్దని కంపెనీకి చెప్పాడు. కంపెనీ వాణ్ని బళ్లారి పక్కకు పంపింది.

బళ్లారి నుంచి వాడు గిడ్డయ్యకు ఫోన్ చేశాడు. గిడ్డయ్య గుంటూరు మిరప చేలో ఉన్నాడు, పొట్టోడూ అక్కడే ఉన్నాడట. మొన్న ఊరికి పోయొచ్చారట.

"ఇద్దరూ మాట్లాడుకుంటాండారా?"

"మాట్లాడుకునేది యాడిది సార్! మేమున్న నాలుగు దినాలూ ఆ అరుగు మీద కూర్చోని ఒకటే తిట్టుకునేది."

శామ్‌కు నవ్వొచ్చింది. ఆ యాక్సిడెంటు తర్వాత నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే, కాలి సంగతి అడగలేదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"కాలు ఎట్లుండాదప్పా?"



"అట్లే ఉండాది సార్."