పసుపు కుంకుమల పురుగులు

మొన్న కరెంటు తీగలకు అడ్డమొస్తోందని మా వీధిలో మామిడి కొమ్మ నరికి రోడ్డు మీద పడేశారు. పచ్చి సొన వాసన ఇంట్లోకి కొట్టింది. వెళ్ళి చూస్తే ఆ కొమ్మను పట్టుకుని బతికే బదనిక గుబురు ఒకటి, దాని ఆకుల అడుగున పసుప్పచ్చని గొంగళి పురుగులు. కొమ్మ తెగిన సంగతి తెలియక, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఇంకా తింటున్నాయి. నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్ళో ఇంటి వెనక మామిడితోట ఉండేది. కార్తీకం వానలు వెనకపట్టి, సముద్రం మీది గాలికి చలి తగిలి, వంటింట్లో నువ్వులు వేగే వాసన వాకిలి దాకా వచ్చే రోజుల్లో, ఆడపిల్లలం బదనిక పండ్లు చిదిమి ఆ జిగురుతో నుదుటికి పూరేకులు అంటించుకుని పెళ్ళిళ్ళ ఆట ఆడేవాళ్ళం. ఈ పురుగులే రెక్కలొచ్చి అయ్యే సీతాకోకచిలుకలు వచ్చేదీ అప్పుడే. పైన తెల్లని రెక్కలకు నల్లటి ఈనెలు, ముడిస్తే పసుపు, అంచున ఎర్రని బొట్ల వరస. డెలియాస్ అనే ప్రజాతి ఇది. బదనికలోని విషం పురుగుగా ఉన్నప్పుడే ఒంటికి పట్టడంతో పిట్టలు వీటి జోలికి రావంటారు. ఆ రంగులు అలంకారం కాదు, హెచ్చరిక.

మా అవ్వకు మాత్రం అవి ముత్తైదువ రంగులు.

మా చిన్నాయనకు, చిన్నమ్మకు పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగలేదు. మామిడి బదనికను పుష్యమి నాడు కోసి, పాలలో నూరి తాగిస్తే కడుపు పండుతుందని అవ్వ నమ్మకం. ఆకుకు పురుగు ఎంగిలి తగలకూడదు. కాపలా చిన్నమ్మది. తెల్లారే స్నానం చేసి, తడిచీరతో, మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు తాగకుండా చెట్టు కింద కూర్చునేది. ఈసారీ ఫలించకపోతే కొడవలూరులో పుట్టింటికి పంపి కొడుక్కి ఇంకో పెళ్ళి చేస్తానని అవ్వ అందరి ముందూ చెప్పింది. చిన్నాయన అన్నం కలుపుకుంటూ తలూపాడు.

ఒకరోజు సీతాకోకలు ఆ గుబురు మీద వాలాయి. చిన్నమ్మ కొంగు విదిలించబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది.

“తోలబాక మే. పసుపు కుంకుమ మోసుకోని గౌరమ్మే వచ్చినాది.”

హారతి కూడా ఇచ్చింది. ఆ గౌరమ్మలు ఆకుల అడుగున వరసలు వరసలుగా పసుపు గుడ్లు పెట్టి పోయాయి. ఎవరూ తిప్పి చూడలేదు. పుష్యమి నాటికి పురుగులు ఆకులన్నీ కొరికి ఈనెలు మిగిల్చాయి.

“నేను తోలతానంటే మీరే గదత్తా వద్దన్నారు” అంది చిన్నమ్మ.

“గౌరమ్మ కూసున్న ఆకుకే పురుగు పట్టినాదంటే, కింద కూసున్నదాని నీడ ఎట్టాంటిదో.”

ఆ పురుగులన్నిటినీ చిన్నమ్మ చేతే ఏరించి, ఉత్త కాళ్ళతో తొక్కించింది. వాటి పచ్చరసం చిన్నమ్మ పాదాల మీద పసుపులాగే ఎండింది. హారతి పట్టింది తల్లికి, తొక్కించింది దాని బిడ్డల్ని. పురుగు ఎక్కడి నుంచి వస్తుందన్న చిన్న ప్రశ్న, సాయంత్రమైతే పురాణం వినే ఆ ఇంట్లో ఒక్క నోటా రాలేదు. ఆ భక్తికి ఆకు తిప్పి చూసే ఓపిక లేదు, మనిషిని తరిమే ఓపిక మాత్రం ఉంది. మర్నాడు చిన్నాయనే పెట్టె మోసి చిన్నమ్మను బస్సెక్కించాడు.

రెండో ఆమె వచ్చింది. ఆమెకూ పక్క ఊరి నుంచి బదనిక తెచ్చి తాగించారు, ఆమెకూ కలగలేదు. చిన్నాయనను ఏ డాక్టరు దగ్గరకూ తీసుకెళ్ళలేదు. చిన్నమ్మ పుట్టింట్లోనే, అన్న పిల్లల్ని పెంచుతూనే కన్నుమూసింది.

ఈ మధ్య మా ఊరు వెళ్ళాను. తోట లేదు, రొయ్యల గుంటలు తవ్వారు. మామిడి లేదు కనుక బదనిక లేదు, బదనిక లేదు కనుక సీతాకోకలు లేవు. గట్టు మీద కుర్చీలో చిన్నాయన కునుకుతున్నాడు. మేత చల్లుతున్న మనిషి అతన్ని చూపించి, నేనెవరో తెలియక, జాలిగా చెప్పాడు.

“పాపం పెద్దాయన. ఇద్దర్ని చేసుకున్నాడక్కా, ఇద్దరూ గొడ్రాళ్ళే తగిలినారు.”