సర్కారు ముడుపు

మద్రాసు పురసవాక్కంలో అలివేలులు చాలామందే ఉన్నారుగానీ, నగల అలివేలు మాత్రం ఒక్కతే. ఆమె ఒంటిమీద చూడబోతే ఒక పుస్తెలతాడు, రెండు గాజులు. ఆ పేరు ఆమె పెట్టుకున్న నగలవల్ల రాలేదు, అద్దెకిచ్చిన నగలవల్ల వచ్చింది. పగలంతా హార్బరు దగ్గర ఓడల ఏజెన్సీలో టైపిస్టు పని. సాయంత్రాలూ సెలవు రోజులూ భరతనాట్యం నేర్చే పిల్లలకు కెంపుల నగలు అద్దెకివ్వడం. కూతురి అరంగేట్రానికి కొన్న ఒక్క సెట్టును ఇరుగూ పొరుగూ అడిగి అడిగి తీసుకెళ్తుంటే, ఊరికే ఎందుకివ్వాలని మొదలుపెట్టిన వ్యాపారం అది. తలసామాను, వడ్డాణాలు, జడబిల్లలు అన్నీ చేరి డెబ్భై ఎనిమిదో సంవత్సరానికల్లా రెండు ట్రంకుపెట్టెలు నిండాయి.

ఇంట్లో ఇది గిట్టనివాళ్ళు ఇద్దరు. భర్త భాష్యం హైస్కూల్లో లెక్కల మాస్టారు. సర్కారు కాగితమంటే ఆయనకు చలిజ్వరం. అత్తగారు కమలాంబకు వ్యాపారంమీద కోపం లేదు, ఆటమీదే కోపం. పూలజడ కుట్టడంలో ఆ పేటలో ఆమెను మించిన చెయ్యి లేదు. అయినా పెళ్ళికూతుళ్ళకే కుట్టేది. సొంత మనవరాలి అరంగేట్రానికే పోలేదు. గజ్జె కట్టే పిల్లలకు కుట్టనుగాక కుట్టనని తెగేసి చెప్పింది. అలివేలు మళ్ళీ అడగలేదు.

ఒకరోజు ఆఫీసు అకౌంటెంటు కోదండరాం ఆమెను పిలిచాడు. "ఏమ్మా, జీతంమీద పన్ను మేం పట్టుకుంటాం, సరి. నగలమీద వచ్చేదానికి ఎవురు కడతారు? యేడాదికి ఎంతొస్తుందో నువ్వే అంచనా వేసి, మూడు కిస్తీలుగా ముందే కట్టేయాల. ఆఖరిది మార్చి పదిహేను. తప్పిందంటే వడ్డీ, నోటీసు, అన్నీ వస్తాయి."

ఈ సంగతి విన్న భాష్యం కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఒక్క నోటీసు ఈ గడప తొక్కిందంటే ఆ పెట్టెలు అమ్మేయాల్సిందే. మాటియ్యి" అన్నాడు. అలివేలు మాటిచ్చింది. ఇచ్చిందేగానీ, తనదంటూ ఆమె నిలబెట్టుకున్నవి ఆ రెండు పెట్టెలే.

అంచనా వేయడం ఆమెకు పెద్ద పని కాదు. ఆ డబ్బు నిలపడమే పెద్ద పని. ఆ ఇంట్లో ఏ డబ్బాలో చిల్లర దాచినా కాఫీపొడికో రిక్షాకో కరిగిపోయేది. ఎవరూ చెయ్యిపెట్టని డబ్బు ఒక్కటే, ఏడుకొండలవాడి ముడుపు. అది తట్టగానే పసుపుగుడ్డ తెచ్చి, నగలు బయటికి వెళ్ళిన ప్రతిసారీ అద్దెలో పన్ను భాగం అందులో ముడివేసి దేవుడి గూట్లో పెట్టింది. ఎవరితోనూ అనలేదు. సెప్టెంబరు కిస్తీ, డిసెంబరు కిస్తీ గడువులోపలే కట్టేసింది. తన తెలివికి తనే మురిసిపోయింది. మురియాల్సిన తెలివే మరి, ఎవరికీ చెప్పకపోవడం ఒక్కటి తప్ప.

మార్చి మొదట్లో కమలాంబ చెల్లెలి కుటుంబంతో కొండకు పోయివచ్చింది. నున్నటి గుండు, దానిమీద గంధం, చేతిలో లడ్డు. మొహం వెలిగిపోతోంది.

"నీ మొక్కు తీర్చేసినానే అలివేలూ! ఎన్నాళ్ళుగానో ముడుపు ఈడనే ఉండాదే, నీకు లీవు దొరకదులే అని నేనే తీసకపోయి హుండీలో వేసేసినా."

అలివేలు లడ్డు పట్టుకుని అలాగే కూలబడింది. "అత్తా, అది స్వామిది కాదు. సర్కారుది."

"సర్కారు దుడ్డు దేవుడి గూట్లో ఎందుకు పెడితివే?" అని ఎగిరిపడింది కమలాంబ. సంగతంతా విన్నాక ఆమె గొంతు దిగిపోయింది. జీతం అప్పటికే ఇంటద్దెకూ సరుకులకూ అయిపోయింది. కొడుకు పట్టుదల ఎలాంటిదో కన్నతల్లికి వేరే చెప్పాలా?

కమలాంబే అడిగింది. "ఆ కీల్పాక్ బడివాళ్ళు మొన్న వచ్చి పోయినారే, ఆళ్ళకేం చెప్తివి?"

వార్షికోత్సవంలో ఆడే ఇరవైమంది పిల్లలకు నగలూ పూలజడలూ రెండూ ఒకేచోట కావాలని వచ్చినవాళ్ళు వాళ్ళు. జడలు కుట్టేవాళ్ళు లేరని అలివేలు పంపేసింది.

"రేపే ఫోన్ చెయ్యి. జడలు నేను కుడతా. భాష్యానికి ఏం చెప్పమాక."

"గజ్జె కట్టే పిల్లలకా అత్తా?"

"స్వామి నా జుట్టూ తీసుకునె, నీ దుడ్డూ తీసుకునె. నా పంతం ఒకటి మిగిలిపోవాల్నా?"

ఉత్సవం నాడు జార్జి టౌన్ పూలబజారు నుంచి మల్లెలూ కనకాంబరాలూ మరువమూ గంపలకొద్దీ దిగాయి. అమ్మకు పిచ్చిపట్టిందనుకున్నాడు భాష్యం. తలమీద ఒక్క వెంట్రుక లేని ముసలమ్మ, అరటినారమీద పూలు పేర్చి కుట్టి, "తల ఆడించమాక!" అని గదమాయిస్తూ ఇరవైమంది పిల్లలకు జడలు వేసింది. సాయంత్రం తెర పక్కన నిలబడి మొదటిసారి ఆట చూసింది. పిల్లలు గిర్రున తిరుగుతుంటే కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒక్క పువ్వు రాల్లేదు, చూసినావా?" అంది. ఆమె కళ్ళు తడిశాయి. అలివేలుకైతే ఏడుపే వచ్చేసింది. హెడ్మిస్ట్రెస్ అక్కడికక్కడే పైకం ఇచ్చేసింది.

పదిహేనో తేదీ బ్యాంకు క్యూలో అత్తాకోడళ్ళిద్దరూ నిలబడ్డారు. గుండుమీద కొంగు కప్పుకున్న కమలాంబ దుడ్డు తనే కౌంటరులోకి తోసింది. అలవాటుకొద్దీ దణ్ణం పెట్టబోయి ఆగి, "రసీదు ఇయ్యి నాయనా" అంది. గుమాస్తా చలానుమీద ధన్‌మని ముద్ర గుద్దాడు. అలివేలు ఆ చలాను పట్టుకుని పెళ్ళికూతురిలా నడుచుకుంటూ బయటికొచ్చింది.

ఇంట్లో భాష్యం దాన్ని తిరగేసి మరగేసి చూశాడు. తప్పు దొరకలేదు. "సరి" అన్నాడు.

"సరి అయితే ఆ పెట్టెలు అటకెక్కించండి, బరువుగా ఉండాయి" అంది అలివేలు. ఆయన నిచ్చెన తెచ్చి ఎక్కించాడు.

తర్వాత ఆమె కిస్తీ పోను మిగిలిన పైకంలోంచి అత్తగారి జడల కూలి అత్తగారి చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో తాంబూలానికే కుట్టిన చెయ్యి అది. కమలాంబ ఆ నోట్లు చూసుకుని, లోపలికెళ్ళి ఒక ఎర్రగుడ్డ తెచ్చింది.

"ఇందులో సర్కారుకు ఎంత కట్టాలే?"

"మీకు వచ్చింది తక్కువత్తా. ఇంతమాత్రానికి పన్ను లేదు."

కమలాంబ మొహం చిన్నబోయింది. ఆ దుడ్డు ఎర్రగుడ్డలో ముడివేసి, దేవుడి గూటికి దూరంగా గోడమేకుకు తగిలించి, కోడలి పక్కన వచ్చి కూర్చుంది.

"ఏమే, మద్రాసులో ఆటలాడే బళ్ళు ఇంకా ఎన్ని ఉండాయి?"