మడత మాస్టారు

సైనిక శిక్షణ కళాశాల వసతిగృహాన్ని కనిపెట్టుకుని ఉండే ముసలాయనకు లోకంలో ఒక్కటే బాధ: దుప్పటి మడత. యుద్ధం చూసొచ్చిన మనిషి. దాని గురించి అడిగితే "ఆ, జరిగింది" అని ఊరుకునేవాడు. మడత గురించి అడిగితే మాత్రం కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. కుర్రాళ్లు ఆయనకు మడత మాస్టారని పేరు పెట్టారు.

పొద్దున్నే తనిఖీ. నలభై మంచాలు, పక్కన నలభై మంది కొయ్యబొమ్మల్లా. ఆయన ఒక కన్ను మూసి దుప్పటి అంచు వెంట చూసేవాడు. ముడత కనిపిస్తే పరుపుతో సహా నేలమీదికి లాగేసేవాడు. ఆ భయానికి సగంమంది మంచం చెదరకుండా కిందే పడుకునేవారు.

"మరి మంచం ఎందుకండీ?" అని ఒకడు గొణిగాడు.

"తనిఖీకి. నీకు నేల ఉందిగా!"

ఆ ఏడు ఆయన కన్ను పదకొండో మంచం మీద పడింది. ఆ మంచం కుర్రవాడు జ్వరంతో పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. జబ్బు సెలవు పదిహేనో రోజుకు చేరితే ఇంటికి పంపేస్తారు. అది అక్కడి నియమం. వచ్చిన వారంలోనే మైదానంలో కసరత్తుకు కట్టిన అడ్డుగోడ మీంచి దూకి కుడి మోకాలు మెలిపెట్టుకున్నాడు. నొప్పి పంటి బిగువున దాచి తనిఖీకి నిలబడ్డాడు.

"ఇదేంటి?"

"దుప్పటండీ."

"అవునా! మీ ఊరి దారి గీశావనుకున్నా, ఇన్ని మలుపులుంటే. ఇవాళ నీకు మైదానం లేదు. గదిలో కూర్చుని నలభై దుప్పట్లూ మడత పెట్టు."

"మాస్టారూ, ఇవాళ పరుగుందండీ!"

"దుప్పటి పరుగెత్తదు. కుడికాలు చాపి కూర్చో. కాలు వంచితే మడత వంకరపోతుంది."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పద్దెనిమిది రోజులు! కిటికీలోంచి తోటివాళ్ల పరుగు చూస్తూ వాడు మడతలు పెట్టాడు, ఆయన ఏడు తరాలనూ తిట్టాడు. ఓ రోజు పక్కమంచం దుప్పటితో తనది మార్చి చూశాడు. ముడత మళ్లీ పదకొండులోనే దొరికింది.

చివరికి పై అధికారి వచ్చాడు. "ఇన్ని శిక్షలు పడ్డ గది ఇంకోటి లేదు. పిల్లల్ని అదుపులో పెట్టడం నీకు చేతకాదయ్యా" అని అందరి ముందూ మాస్టారిని కడిగేశాడు.

"అవునండీ" అన్నాడు మాస్టారు.

పదకొండో మంచం లోలోపల పండగ చేసుకుంది. వారం తిరక్కుండా ఆయన్ని బూట్ల గిడ్డంగికి తోసేశారు.

మోకాలు ఈలోగా కుదుటపడింది. అన్ని రోజులు మైదానానికి పోలేదు కాబట్టి ఇక పంపేస్తారని, పెట్టె సర్దుకుని మరీ వాడు ఆఫీసుకు వెళ్లాడు.

గుమాస్తా రిజిస్టరు తిప్పాడు. "ఇంటికెందుకయ్యా? నీ జబ్బు సెలవు పద్నాలుగే. శిక్షలో ఉన్న రోజులు హాజరు కిందికే వస్తాయి. మీ మాస్టారికి తెలుసుగా, నువ్వు గోడ దూకిన సాయంత్రమే వచ్చి అడిగిపోయాడు."

తిట్టిన తిట్లు వెనక్కి తీసుకునే దారి ఏ నియమంలోనూ లేదు. వాడు గిడ్డంగికి పరుగెత్తాడు. ముసలాయన గుట్టల్లోంచి బూట్లు తీసి జతలు కలుపుతున్నాడు.

"మాస్టారూ, నా వల్ల మీకీ గతి..."

ఆయన తలెత్తలేదు. "నీ మొహం. నువ్వు పోతే ఆ మంచానికి ఇంకొకడొస్తాడు. వాడికి మళ్లీ మొదట్నుంచీ నేర్పాలి. ఈ వయసులో నా వల్ల కాదు."