క్లచ్ నేర్పిన సారు

మా డ్రైవింగ్ సారు పోయారని మొన్న బుధవారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. "సారు పోయిండమ్మా. నిద్రలనే పోయిండు," అన్నారు. వెంటనే, "నువ్వు మెల్లగ రా, తొందరల బండి నడపకు," అన్నారు. అంత దుఃఖంలోనూ ఆ ఇంటి అలవాటు పోలేదు.

నాచారం, ఉప్పల్‌లలో కారు నేర్చుకున్న ఆడవాళ్లలో సగం మంది ఆయన శిష్యులే అంటే కాస్త కోతలు కోసినట్టవుతుందేమో గానీ, మా ఒక్క అపార్ట్‌మెంట్‌లోనే నలుగురం ఉన్నాం. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన టీచర్ని నేను. పోచారం దగ్గరున్న బడికి రోజూ రెండు బస్సులు మారలేక నలభై ఏళ్ల వయసులో స్టీరింగ్ పట్టుకున్నాను.

ఆదివారాలు ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి కాబట్టి ఇండస్ట్రియల్ ఏరియా రోడ్ల మీదే మా పాఠాలు. ఆయనది పాత పెట్రోలు కారు. పక్కన కూర్చునే తన కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు బిగించుకున్నారు. ఎత్తురోడ్డు మధ్యలో ఆపించి, హ్యాండ్ బ్రేకు ముట్టనివ్వకుండా, క్లచ్ సగం వదిలి బండిని జారకుండా నిలబెట్టమనేవారు. నా పై ప్రాణాలు పైనే పోయేవి. "బండి నోటితోటి చెప్పదు, పాదానికి చెప్తది. జర వణుకుతది సూడు, గక్కడ ఆగు," అనేవారు. ఇంజన్ ఆగిపోయి, వెనక ఏ లారీవాడో హారన్ మోగిస్తే, "సిగ్గెందుకమ్మా, వాడు గూడ ఆపుకుంట ఆపుకుంటనే నేర్సుకున్నడు," అనేవారు.

రెండేళ్ల కిందట నేను ఎలక్ట్రిక్ కారు కొని చూపించడానికి తీసుకెళ్లాను. సారు దాని చుట్టూ తిరిగి, "ఇది బండా, మిక్సీనా? మిక్సీకైన జర సప్పుడుంటది," అన్నారు. మొదటి రోజే ఉప్పల్ రింగ్ రోడ్డు సిగ్నల్ దగ్గర నా ఎడమకాలు లేని క్లచ్ కోసం వెళ్లి బ్రేకును గట్టిగా తొక్కేసింది. వెనకున్న ఆటో అతను మా ఏడు తరాలనూ తలుచుకున్నాడు. ఆ సంగతి చెబితే సారు ముఖం వెలిగిపోయింది. "అయితే నేను నేర్పింది పోలే," అన్నారు.

కానీ అప్పటికే కొత్తగా వచ్చేవాళ్లు గేర్లు లేని బండి మీద నేర్పుతారా అని అడుగుతున్నారు. దానికి తోడు ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన ఎడమ మోకాలు అరిగిపోయింది. ఇంకా తొక్కితే నడక కూడా ఉండదన్నారు డాక్టరు. పాత కారుకి ముసుగు వేసి, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు సారు. "బండి నడపకపోతే నేనెవణ్ణమ్మా?" అని ఒకరోజు అడిగారు.

"నా కారుకి ఎడమకాలితో పనే లేదు కదా సార్, ఒక్కసారి నడపండి," అన్నాను. "మిక్సీ నడపమంటవా?" అని కసిరారు. మూడు ఆదివారాలు అదే జవాబు. అది కోపం కాదు, భయం. శిష్యురాలి ముందు తప్పు తొక్కితే ఎలాగని. నాలుగో ఆదివారం ఆయన భార్యే వచ్చి ఆయన రెక్క పట్టుకుని లేపారు. "సాలు, లేవుండ్రి. తప్పు తొక్కితే సూసేటిది గామె ఒక్కతే గద."

సారు డ్రైవర్ సీట్లో కూర్చుని, ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకున్నారు. "నువ్వు కూసో ఇగ," అన్నారు దానితో. పక్క సీట్లో నేను, కింద బ్రేకు లేకపోయినా పాదాలు బిగబట్టుకుని కూర్చున్నాను. సందు దాటాక ఆయన భుజాలు వదులయ్యాయి. తిన్నగా ఆ ఎత్తురోడ్డుకే తీసుకెళ్లి, సరిగ్గా మధ్యలో ఆపి, మళ్లీ కదిలించారు. కారు తనంతట తానే నిలబడింది, ఒక్క అంగుళం కూడా వెనక్కి జారలేదు.

"గీ ఒక్క ముచ్చట నేర్పనీకి నాకు నెల పట్టేది," అన్నారు. గొంతులో సంతోషమూ ఉంది, నొప్పీ ఉంది.

"ఆ నెల లేకపోతే నేను రోడ్డెక్కేదాన్నే కాదు సార్," అన్నాను. అది నిజం. ఇప్పుడైనా అంతకంటే పెద్దమాట నాకు చేతకాదు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ గేటు బయట, ఆయన్ని దింపుకోవడానికి చెయ్యి చాపి నిలబడి ఉన్నారు. సారు ఆపలేదు. ఓరగా ఆమెను చూసి నవ్వి, ఏ చప్పుడూ లేకుండా ముందుకు వెళ్లిపోయారు. మేం మలుపు తిరిగేదాకా ఆవిడ అలాగే చెయ్యి చాపి నిలబడటం పక్క అద్దంలో కనిపించింది.