షితాయె ఇవ్వని పొట్లం

దెబ్రె తాబోర్ సంతలో షితాయె దగ్గర కోసో పూల పొడి కొనాలంటే, తాగే మనిషే స్వయంగా రావాలి. పచ్చిమాంసం తినే ఊరు కనుక, రెండు నెలలకోసారి కోసో తాగి కడుపులోని బద్దెపురుగును దించుకోవడం అక్కడ తలంటుకున్నంత మామూలు. సంతలో మిగతా అమ్మేవాళ్లు, ఎవరడిగినా పొట్లం కట్టి ఇచ్చేవారు. షితాయె ఇచ్చేది కాదు. ఆమె భర్త ఒకసారి, పురుగు తల పడలేదని, అది లోపలుంటే మళ్లీ పెరుగుతుందని పంతం పట్టి, ఒకే పూట రెండు గిన్నెలు తాగాడు. ప్రాణం దక్కింది గానీ ఎడమకన్ను మసకబారి అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి తాగే మనిషిని చూడనిదే ఆమె పొడి కొలవదు.

వానలు వెలిశాక వచ్చే మెస్కెల్ పండుగ వెళ్లిన వారానికి తెవాబెచ్ తన కోడలు వగాయెను వెంటబెట్టుకుని వచ్చింది.

“ఇద్దరికి కట్టు, నాకూ దీనికీ. మనిషిని తెమ్మంటావుగా, తెచ్చా. చూసుకో.”

షితాయె కోడల్ని గోనెల చాటుకు తీసుకెళ్లింది.

“నెల తప్పిందా ఏమిటే?”

వగాయె తల దించుకుంది. “రెండు నెలలు, పిన్నీ. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. నిలిచాక అత్తకు చెబుదామని...”

“చెప్పకుండా ఇది తాగేస్తావా? కడుపు పోదూ?”

“తాగినట్టు చేసి పారబోద్దామనుకున్నా.”

“మీ అత్త ముందా! గిన్నె అడుగు నాకించేదాకా వదలదు.”

షితాయె తిరిగి వచ్చి ఒక్క పొట్లమే కట్టింది.

“ఒకటేనా? పొడి అయిపోయిందా?” అంది తెవాబెచ్.

“ఉంది. అమ్మాయికి ఇవ్వను. గుమ్మడి గింజలు పెట్టు, చాలు.”

“నేను తాగొచ్చు, అది తాగకూడదా? దానిదేమైనా రాణీగారి కడుపా?”

“ప్రస్తుతానికి అంతే అనుకో వదినా.”

తెవాబెచ్ కోడలి ముఖం చూసింది, తర్వాత నడుము చూసింది. పొట్లం కొంగున ముడేసుకుని, కోడలి చేతిలోని బరువు సంచీ తానే అందుకుంది.

మళ్లీ వానలకు ముందు, మండే ఎండల్లో వగాయెకు ఆడపిల్ల పుట్టింది. గుమ్మడి గింజలకు పురుగు లొంగలేదు. పిల్ల పాలు మానేదాకా వగాయె ఆ పురుగును ఓర్చుకుంది. ఆ తర్వాత తానే షితాయె ఇంటికి వచ్చి, తెల్లవారుజామున బార్లీ కల్లులో కలిపిన కోసోను ముక్కు మూసుకుని తాగింది. రెండుసార్లు వాంతి అవబోతే గోడకు ఆనుకుని ఆపుకుంది. మధ్యాహ్నానికి పురుగు తలతో సహా పడింది. అంతవరకూ పిల్లను షితాయె ఎత్తుకుని పెరట్లో తిప్పింది. సాయంత్రం వగాయె గిన్నెడు గంజి తాగి, పిల్లను వీపున కట్టుకుని ఇంటికి నడిచింది.