నారాయణప్ప స్వామి దీక్ష, నా కొబ్బరి బీరు

దీక్షలో ఉన్న పెద్దమనిషి వ్రతాన్ని ఒక్క ప్లాస్టిక్ సీసాతో చెడగొట్టడం ఎలాగో తెలుసుకోవాలంటే మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు. అందుకు కావలసిన సరంజామా అంతా స్వహస్తాలతో తయారు చేసినవాణ్ణి నేను.

అప్పట్లో మడివాళలో ఓ మేడమీద గదిలో ఉండేవాణ్ణి. కొత్త శతాబ్దం ఇంకా పెళ్లికొడుకులా నిగనిగలాడుతున్న రోజులు. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరులు చేసిన తప్పులు వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. సొంత తప్పులు చేసుకోవడానికి శని, ఆదివారాలు ఉండేవి.

కింద ఇంటివాళ్లు నారాయణప్పగారు, వెంకటమ్మగారు. తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు. నారాయణప్పగారు బంగారంలాంటి మనిషి, సాయంత్రం ఆరు దాటనంతవరకు. ఆరు దాటితే బారు. ఆ ఏడు ఆయన మొదటిసారి అయ్యప్ప మాల వేశారు. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, నేలమీద పడక. మేమంతా ఆయన్ని స్వామీ అనాలి, ఆయనా మమ్మల్ని స్వామీ అనే అనాలి. అద్దె ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరికొకరు దేవుళ్లయిన అపురూపమైన కాలం అది.

వెంకటమ్మగారు ఒకరోజు మెట్ల దగ్గర గొంతు తగ్గించి చెప్పారు. "ఈ మండలం ఒగటి నిలబడితే చాలప్పా. నిలబడితే ఇంగ జన్మలో ముట్టనని దేవుని ముందర చెప్పినాడు. నడాన తప్పెనా, మళ్లా ఆ మనిషిని పట్టేది నా చేత కాదు."

నేను గంభీరంగా తలూపాను. అదే తలలో అప్పటికే బీరు ఉడుకుతోందని ఆవిడకేం తెలుసు?

ఆ ఆలోచన నాది కాదు, ప్రవీణ్‌ది. గుంటూరు కుర్రాడు, నా స్నేహితుడు, పీణ్యలో ఓ చిన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎవరో విదేశీ ఇంజనీరు వాడికి కొబ్బరి స్టౌట్ రుచి చూపించాడట. నల్లగా, కషాయమంత చిక్కగా ఉండే బీరు, దాంట్లో వేయించిన కొబ్బరి వాసన. అప్పట్నుంచీ వాడు నిలవలేదు, నన్ను నిలవనివ్వలేదు.

"ఒరేయ్ మురళీ, మనమే చేద్దాం రా. ఏముంది అందులో? గింజలు, నీళ్లు, ఈస్టు."

"అంత తేలికైతే కంపెనీలెందుకురా?"

"ఇడ్లీ తేలికే కదా, హోటళ్లు లేవూ?"

ఈ వాదనలో ఎక్కడో కన్నముందని తెలుసు. వెతికే ఓపిక లేదు, ఆదివారం కదా.

మా అమ్మ రాగిమాల్టు కోసం రాగులు మొలకెత్తించేది. అదే విద్య పొట్టుతీయని బార్లీ మీద ప్రయోగించాను. నానబెట్టి, మూటగట్టి, మొలకలొచ్చాక డాబా మీద ఎండబోశాను. బట్టలారేయడానికి వచ్చిన వెంకటమ్మగారు ఆగిపోయారు.

"ఏమప్పా, బార్లీ ఎండబోసిండావు? ఒంట్లో బాగలేదా?"

"కొంచెం వేడి చేసింది ఆంటీ."

"అయ్యో! చెప్పకూడదా?"

సాయంత్రానికల్లా పళ్లెం నిండా కొబ్బరి చిప్పలు పైకొచ్చాయి. "స్వామి పూజకు దినామూ టెంకాయ కొడతాండాము. మిగిలిపోతాండాయి. టెంకాయ సలవప్పా, తిను."

చూశారా, నేనాడిన అబద్ధానికి దేవుడు ముడిసరుకు పంపాడు.

"ప్రసాదం రా ఇది. బీరులో వేస్తే పాపం కదూ?" అన్నాను కొబ్బరి తురుముతూ.

"నన్నడుగుతావేంట్రా? మాకు చర్చిలో ద్రాక్షరసమే ఇస్తారు. మా వైపు నుంచి అభ్యంతరం లేదు," అన్నాడు ప్రవీణ్.

బార్లీలో సగం మూకుట్లో బొగ్గయ్యేదాకా వేయించాం. ఉడికించాం, వడకట్టాం. ప్రవీణ్ ఎవర్నో బతిమాలి తెచ్చిన హాప్స్ అనే చేదు పువ్వులు గుప్పెడు వేశాం. వేయించిన కొబ్బరి వేశాం, వీధి చివరి బేకరీవాడిచ్చిన ఈస్టు కలిపాం. అంతా నీళ్ల క్యానులో పోసి మంచం కింద దాచాం. రాత్రీపగలూ అది బుడుక్ బుడుక్‌మని మాట్లాడేది. చివరికి రెండు ఖాళీ కోలా సీసాల్లోకి నింపాం. ఆ కాలంలో ఏ ఇంట్లో చూసినా మంచినీళ్లుండేది వాటిలోనే కాబట్టి, అది పెద్ద తప్పుగా తోచలేదు.

"మూత పెట్టేముందు గ్యాసు కోసం చెంచాడు తీపి వేయాలంట," అన్నాడు ప్రవీణ్.

"మా ఇంట్లో బెల్లం చెంచాతో వేస్తే పిసినారి అంటార్రా," అని సీసాకో ముద్ద దంచి పోశాను.

నాకు ఫ్రిజ్ లేదు. వెంకటమ్మగారికి ఉంది. "ఆంటీ, ఈ ఒక్క కూల్‌డ్రింకు సీసా మీ ఫ్రిజ్‌లో పెట్టనా?" అంటే, పాపం, దోసెపిండి గిన్నె పక్కకు జరిపి మరీ చోటిచ్చారు.

రుచి చూసే రోజు వచ్చింది. ప్రవీణ్ కొత్త గ్లాసులు తెచ్చాడు. ఆ సాయంత్రమే కింద పడిపూజ. ఎల్లుండి నారాయణప్పగారు ఇరుముడి కట్టుకుని కొండకు బయల్దేరుతున్నారు. శరణుఘోష పైదాకా వినిపిస్తోంది. భజన ముగిసిందో లేదో మెట్ల కిందనుంచి వెంకటమ్మగారి గొంతు.

"మురళప్పా! నీ దోస్తును పిల్చుకోని రా, ఆకులేసినాము, ఊట చేస్తురు. స్వాములకు కూల్‌డ్రింకు స్వల్ప తక్కువ పడె. నీ సీసా గూడా తీసుకుంటిని, తప్పులేదు గదా?"

ప్రవీణ్ చేతిలో గ్లాసు జారిపోయింది. నా గుండె దానికంటే ముందే జారింది.

మేం దిగిన వేగానికి మెట్లు కాళ్లకు తగిలాయో లేదో గుర్తులేదు. హాల్లో నల్లబట్టల స్వాములు వరసగా కూర్చున్నారు. మధ్యలో కోలా సీసాలు, అన్నీ ఒకే నలుపు.

"మన మూత ఎర్రదే కదరా?" ప్రవీణ్ గుసగుస.

"అన్నీ ఎర్రవే!"

"మూత కింద రింగు తెగి ఉంటుంది, చూడు!"

మర్యాదగా వడ్డించేవాడిలా వంగి ఒక్కో సీసా మెడ తడిమాను. ఇది కాదు. ఇది కాదు. ఇదీ కాదు. తలెత్తాను. మనది నారాయణప్పగారి చేతిలో ఉంది.

"పగలంతా ఉపవాసముండావు, ముందు నువ్వు తాగు స్వామీ," అంటున్నారు గురుస్వామి. నారాయణప్పగారు మూత మీద చెయ్యి వేశారు. గుమ్మంలో వెంకటమ్మగారు తృప్తిగా చూస్తున్నారు, మండలమంతా నిలబడిన మొగుణ్ణి.

"స్వామీ! నేను తెరుస్తా!"

"సుమ్నే, ఊరికే కూచో స్వామీ."

"అది పాతది స్వామీ!"

"కూల్‌డ్రింకులో పాతదేముంటాది?"

మూత కొంచెం తిరిగింది. స్స్... అని పాము బుసలాంటి చప్పుడు. ఇంక నాకు బుద్ధి పనిచేయలేదు, నోరు పనిచేసింది.

"అది నాది! నేనివ్వను!"

 ఉపవాసమున్న స్వామి నోటిదగ్గర కూల్‌డ్రింకు లాక్కునే ఇరవైనాలుగేళ్ల పశువును అందరూ తేరిపార చూశారు. "ఏమప్పా ఇది, బిడ్డ మాదిరి?" అన్నారు వెంకటమ్మగారు. అవును, బిడ్డనే అనుకోండి. సీసా పట్టుకుని లాగాను. ఆయనా లాగారు. నేను మళ్లీ లాగాను. కడుపునిండా బెల్లం తిన్న సీసాను అలా ఊపకూడదని మీకు తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు.

మూత సీలింగుకు తగిలింది. వెనకే నల్లటి జల్లు. పైన తిరుగుతున్న ఫ్యాను దాన్ని అందుకుని, పక్షపాతం లేకుండా అందరికీ పంచింది. స్వాముల నల్లబట్టల మీద ఏమీ కనపడలేదు. నా తెల్లచొక్కా ఒక్కటే సాక్ష్యం చెప్పింది.

"టెంకాయ వాసన వస్తాంది," అన్నారు గురుస్వామి గడ్డం తుడుచుకుంటూ. "ఏం కూల్‌డ్రింకప్పా ఇది?"

"పాడైపోయింది స్వామీ," అన్నాను. ఆ సాయంత్రం నేనాడిన ఒకే ఒక్క నిజం.

నారాయణప్పగారు మాత్రం మొహం తుడుచుకోలేదు. మీసం చివర ఒక చుక్క వేలాడుతోంది. పెదాలు బిగించి నన్నే చూస్తున్నారు. ఆ గదిలో ఆ వాసన పోల్చగలిగిన మనిషి ఆయనొక్కడే. లేచి స్నానాల గదిలోకి వెళ్లారు. చెంబు మీద చెంబు చన్నీళ్లు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చి, శరణం అని, ఆకు ముందు కూర్చున్నారు.

ఆయన కొండకు వెళ్లిన రోజు నేను పెట్టె సర్దుకున్నాను. ప్రవీణ్ మాత్రం సీసా అడుగున మిగిలినదాన్ని వదల్లేదు. "ఇంత చేసి రుచి చూడకపోతే ఎలారా?" అన్నాడు. చెరో గుక్క తాగాం. ముందు తలనూనె వచ్చింది. తర్వాత మాడిన గింజ వచ్చింది. చివర్లో నాలుగు రోజుల దోసెపిండి వచ్చింది. మూడూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. కొబ్బరిలోని నూనె బీరు నురగను చంపేస్తుందని ఎక్కడో విన్నాను. మాది నురగను తప్ప మిగతా అందర్నీ చంపేలా ఉంది. మంచం కింద మిగిలిన రెండో సీసాను ఇద్దరం మోసుకెళ్లి మోరీలో పారబోశాం. మోరీ కూడా కాసేపు గొణిగింది.

మాల తీసేశాక నారాయణప్పగారు మెట్లెక్కి వచ్చారు. నేను తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"ఆ దినం మీసం మీద ఒగ చుక్క నిలబడె," అన్నారు నెమ్మదిగా. "నాలిక రవ్వంత చాపితే అందేది."

"చాపలేదు కదండీ?" అన్నాను.

"చాపుదామనే అనుకొంటి. మండలమంతా కలలోకి అదే వస్తాండె. ఇంతలో దాని వాసన ముక్కుకు కొట్టె చూడు..." ఆయన మొహం మళ్లీ వంకర తిరిగింది. "కడుపులో తిప్పేశె. నిన్న బారు ముందర నడిస్తే గూడా అదే వాసన. కాలు లోపలికి పోలేదప్పా."

"అయితే గది ఎప్పుడు ఖాళీ చేయమంటారు?"

"ఖాళీ ఎందుకు చేస్తావు?" అంటూ వెనకనుంచి వెంకటమ్మగారు ముందుకొచ్చారు. ఆవిడకూ తెలిసిపోయిందన్నమాట. తిట్లకు తల వంచి సిద్ధమయ్యాను.

"మురళప్పా, మా తమ్ముడు హెబ్బగోడిలో ఉండాడు. వానిదీ ఇదే రోగం. వానికీ ఒగ సీసా చేసియ్యప్పా!"

ఆ క్షణమే, డాబా మీద ఆరుతున్న తడిబట్టల సాక్షిగా ప్రతిజ్ఞ పూనాను. ఇకమీదట నా చేత ఏ గింజా మొలకెత్తదు, ఏ ద్రవమూ పులియదు, ఆఖరికి మజ్జిగైనా సరే కొనుక్కునే తాగుతాను. చేతివంటకు రకరకాల పేర్లొస్తాయి. వాసన చూసినవాడు తాగుడే మానేశాడన్న పేరు మోయడానికి మాత్రం ఈ భుజాలు చాలవు.