కాశీవిశ్వనాథం గారి తూటాల బల్ల

తాళ్ళూరి కాశీవిశ్వనాథం గారిని దమయంతి మొట్టమొదట చూసింది వీపు వైపు నుంచి. కెనడాలోని హామిల్టన్‌లో కూతురి దగ్గర స్థిరపడిన కొత్తలో, పక్కింటి కనకదుర్గకు గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళితే, "మావారు కింద బేస్‌మెంట్‌లో ఉన్నారు వదినగారూ, పలకరించి రండి" అని ఆమె మెట్లు చూపించింది. దమయంతి దిగి, "నమస్కారమండీ" అన్నది. ఆయన తిరిగి చూడలేదు. ఆగమన్నట్టు ఎడమచెయ్యి మాత్రం పైకెత్తారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ తరగతిని చేతి సైగతో ఆపిన పంతులమ్మకు, తనను మరొకరు అలా ఆపడం రుచించలేదు. అయినా నిలబడి చూసింది. చిటికెనవేలి కొనంత ఖాళీ తూటాల ఇత్తడి గొట్టాలు చెక్కపలక గుంటల్లో బారులు తీరి ఉన్నాయి. తుపాకీ మందు పోసిన ప్రతి గొట్టంలోకీ ఆయన చిన్న టార్చి వేసి తొంగి చూస్తున్నారు. ఆ పలక పూర్తయ్యాక మందు డబ్బాను అలమరలో పెట్టి, తాళం వేసి, కళ్ళకున్న రక్షణ అద్దాలు తీసి, అప్పుడు నమస్కరించారు.

"క్షమించండి టీచరుగారూ. మధ్యలో మాట కలిస్తే ఒకే గొట్టంలో రెండుసార్లు పోసేస్తాం. అప్పుడు పిస్తోలు చేతిలోనే పేలుతుంది."

ఆమె కోపం అక్కడే దిగిపోయింది. ఇంత శ్రద్ధ గల విద్యార్థి తనకు ఒక్కడు దొరికి ఉంటే బాగుండేదనిపించింది.

విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి హామిల్టన్ ఉక్కు మిల్లుకు వచ్చిన మనిషి ఆయన. మిల్లులో ఎవరో షూటింగ్ క్లబ్బుకు తీసుకువెళితే, ఆ నిశ్శబ్దం నచ్చి లైసెన్సు తీసుకున్నారు. వాడిన గొట్టాలనే మళ్ళీ నింపుకోవడం నేర్చుకున్నారు. తరువాత క్లబ్బులో కొత్తవాళ్ళకు నేర్పసాగారు. బల్ల మీద ఒక్క మందు డబ్బాయే ఉండాలి. మందు దాని సొంత డబ్బాలోనే ఉండాలి. ఫోను, నిప్పు దగ్గరికి రాకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగితే తప్ప కాఫీ కప్పు ముట్టుకోకూడదు. సీసం కడుపులోకి పోతుంది.

"ఈయన జాగ్రత్త నాకు కొత్తేమిటి వదినగారూ," అని నవ్వేది కనకదుర్గ. "పెళ్ళిలో మూడు ముళ్ళూ వేసి, ఊడిపోతాయేమోనని మళ్ళీ లాగి చూశారు. మా నాన్న కంగారుపడిపోయాడు, పిల్ల మెడ తెగుతుందేమోనని!"

"ఇన్నేళ్ళయింది, ఊడిందా?" అనేవారాయన.

దసరాకు ఆయుధపూజ వారి ఇంట తప్పనిసరి. మిల్లు పనిముట్లకూ, కారుకూ, బేస్‌మెంట్‌లోని బల్లకూ కనకదుర్గ పసుపు కుంకుమలు పెట్టేది. దీపం, హారతి మాత్రం మెట్ల మీదే ఆగిపోవాలని ఆయన కట్టడి. ఆ ఏడు పండుగ ముందురోజు ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు పడింది. అలమర దుమ్ము తుడుస్తానని ఆమె అడిగితే, ఎన్నడూ వదలని తాళంచెవి ఆమె చేతిలో పెట్టి వెళ్ళారు.

పండుగ వెళ్ళిన కొన్నాళ్ళకు క్లబ్బు షూటింగ్ రేంజిలో ఆయన చేతిలో పిస్తోలు పేలిపోయింది. అద్దాలు పెట్టుకున్నందువల్ల కళ్ళు దక్కాయి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు దక్కలేదు. మిగిలిన తూటాలనూ మందునూ క్లబ్బువాళ్ళు పట్టుకుపోయి పరీక్షించారు. డబ్బాలో పైన మరీ వేగంగా మండే ఒక రకం మందు, కింద మరో రకం ఉన్నాయని తేలింది. "నేనే కలిపాను" అని ఆయన వాంగ్మూలం ఇచ్చారు. మార్కమ్ నుంచి పరుగెత్తుకొచ్చిన కూతురు రిషిత, "డాడ్, యూ ఆఫ్ ఆల్ పీపుల్!" అని ఏడ్చింది. మిల్లు ఉద్యోగం పోయింది. కొత్తవాళ్ళకు నేర్పే చోట, ఇలా చేయకండి అని ఆయన పేరే చెబుతున్నారని ఎవరో చెప్పగా విన్నారు. తల ఊపారు, అంతే.

ఆ తరువాత ఆ ఇంటికి వెళ్ళడం దమయంతికి కష్టమైంది. కనకదుర్గ అన్నం కలిపి, ముద్ద చేసి, ఆయన నోటికి అందించేది. అందిస్తూనే తిట్టేది.

"ఊరందరికీ నీతులు చెప్పారే, ఆపాటి తెలివి ఏమైందండీ? రెండూ కలిపేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు?"

ఆయన ముద్ద మింగి, మళ్ళీ నోరు తెరిచేవారు.

ఒక శుక్రవారం కనకదుర్గ పూజగదిలో ముగ్గు వేస్తున్నది. పక్కన ముగ్గుపిండి డబ్బా ఉంది. కడిగిన నల్లటి ప్లాస్టిక్ డబ్బా. దాని మీద సగం చినిగిన చీటీ. ఏది కనబడినా చదివే అలవాటు దమయంతిది.

"ఇది అన్నయ్యగారి డబ్బాలా ఉందే?"

"అవును వదినా. దసరాకు తుడుస్తుంటే అడుగున పిడికెడు మిగిలి కనబడింది. పక్కదాంట్లో పోసేసి, దీన్ని కడిగేశా. రెండూ ఒకేలా ఉన్నాయి. సగం సగం డబ్బాలు ఎందుకు చెప్పండి, చోటు దండగ!"

కందిపప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పి, ఆమె మళ్ళీ ముగ్గులో మునిగిపోయింది. దమయంతి నేరుగా బేస్‌మెంట్ మెట్లు దిగింది.

ఖాళీ బల్ల ముందు ఆయన కూర్చుని ఉన్నారు.

"చూశారా?" అన్నారు, ఆమె ముఖం చూసి.

"మీకు తెలుసా!"

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే. అలమరలో ఒక డబ్బా లేదు. పూజగదిలో కనబడింది."

"చెప్పకపోతే ఎలాగండీ? ఎరగక చేసిన తప్పును ఎవరో ఒకరు చూపించాలి కదా. లేకపోతే దిద్దుకునేదెప్పుడు?"

"దిద్దుకోవడానికి ఇంకేం మిగిలింది టీచరుగారూ?" ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నారు. "నాకు వేళ్ళే పోయాయి. అది తెలిస్తే ఆమె నాకు ముద్ద పెట్టగలదా? తాళంచెవి ఇచ్చింది నేను. ఏ డబ్బా ముట్టకూడదో చెప్పనిదీ నేను. ఊళ్ళోవాళ్ళందరికీ నేర్పాను, ఇంట్లో మనిషికి నేర్పలేదు. నేనే కలిపానన్నది పూర్తిగా అబద్ధం కాదు."

దమయంతి మెట్లెక్కి, కనకదుర్గ దగ్గర ఆ డబ్బా ఊసెత్తకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

చలికాలం పూర్తిగా పోకముందే ఆయన గుండె నీరసించింది. తిండి తగ్గించారు, మాట తగ్గించారు. బతకాలన్న పట్టు ఎప్పుడో వదిలేశారని డాక్టర్లకన్నా ముందు దమయంతికి తెలిసింది. ఆసుపత్రిలో చివరిసారి చూడబోయినప్పుడు కనకదుర్గ కారిడార్‌లో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నది. "ఆ నిర్లక్ష్యమే కొంప ముంచింది, ఆయన చేజేతులా చేసుకున్నారు" అన్న ఏడుపు తలుపు సందులోంచి లోపలికి వినబడుతున్నది. దమయంతి వారించడానికి లేవబోయింది.

ఆయన ఎడమచేత్తో ఆమె కొంగు అంచు పట్టుకున్నారు.

"తిట్టనివ్వండి," అన్నారు. "నేను పోయాక కూడా మీ దగ్గరికే వచ్చి తిడుతుంది. ఒక్కసారి కూడా ఆపకండి."